ఎండాకాలంలో మామిడి టార్ట్

మైదా, వెన్న కలిపిన పిండిని రొట్టెలా ఒత్తి, దాని మీద పండు ముక్కలు పరిచి ఓవెన్‌లో కాల్చేది పండ్ల టార్ట్. బేకరీ టార్ట్‌కు అచ్చు కావాలి. ఇళ్లలో చేసుకునే నాటు రకానికి, అంటే ఫ్రాన్సులో గాలెట్ అని పిలిచేదానికి, అచ్చు అక్కర్లేదు. మధ్యలో పండు పెట్టి, చుట్టూ మిగిలిన అంచును ముడతలు ముడతలుగా లోపలికి మడిస్తే చాలు. వంకరగా వచ్చినా దానికి అదే అందం. ఈ వంటకం తెలంగాణలోని హుజూర్‌నగర్‌లో చేసుకోవడానికి అడ్డు వచ్చేది ఎండ ఒక్కటే. మామిడి పండ్లు మార్కెట్‌కు వచ్చే ఏప్రిల్, మే నెలల్లోనే ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వెన్నేమో 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది.

వెన్న కరిగితే నష్టమేమిటో తెలియాలంటే టార్ట్ పిండి ఎలా పని చేస్తుందో చూడాలి. దుకాణాల్లో దొరికే బటర్‌లో కనీసం 80 శాతం కొవ్వు, మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీరు ఉంటాయి. చల్లటి వెన్నను శనగగింజలంత ముక్కలుగా మైదాలో కలిపితే, పిండి ఒత్తినప్పుడు అవి పల్చటి రేకుల్లా సాగుతాయి. ఓవెన్ వేడికి ఆ రేకులు కరిగి, వాటిలోని నీరు ఆవిరై పిండిని పైకి లేపుతుంది. పొరలు విడేది అందుకే. వెన్న ముందే కరిగిపోతే మైదా దాన్ని పీల్చేసుకుంటుంది, పొరలు రావు. పిండిని ఎక్కువసేపు పిసికినా చెడిపోతుంది. పిసికితే వచ్చే, చపాతీకి మేలు చేసే సాగే గుణమే టార్ట్‌ను గట్టిపరుస్తుంది.

గరిజెలు చేసే ఇళ్లలో ఈ విద్యలో సగం ఎప్పటినుంచో ఉంది. గరిజెల పిండిలో వేడి నెయ్యి పోసి, వేళ్లతో రుద్ది, పిడికిట పట్టి చూస్తారు. ముద్ద నిలిచి, వేలితో నొక్కగానే విడిపోతే నెయ్యి సరిపోయినట్టు. నెయ్యి పట్టిన మైదాకు నీళ్లు అంతగా అంటవు కాబట్టి అది సాగదు, గుల్లగా వస్తుంది. నేతిలో నీరు దాదాపు ఉండదు కనుక పొరలు విడవు, అయినా టార్ట్ కరకరలాడుతుంది. మే నెల మధ్యాహ్నం వెన్నతో తంటాలు పడేకంటే నేతి దారే నయం. వెన్నకు బదులు నెయ్యి వాడేటప్పుడు ఐదోవంతు తగ్గించాలి.

ఒక టార్ట్‌కు 200 గ్రాముల మైదా, 120 గ్రాముల వెన్న, చిటికెడు ఉప్పు, చెంచాడు చక్కెర, మూడు నాలుగు పెద్ద చెంచాల చల్లటి నీళ్లు పడతాయి. మైదాలో 25 గ్రాములు తగ్గించి అంత బియ్యప్పిండి కలిపితే అంచు ఇంకా కరకరలాడుతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ఈ ప్రాంతంలో దానికి వెతుక్కోనక్కర్లేదు. వెన్నతో చేసేవాళ్లు మైదాను, గిన్నెను కూడా రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, తెల్లవారుజామున ఫ్యాన్ కింద పని ముగించుకోవాలి. అరచేయి వేడిగా ఉంటుంది కాబట్టి వేళ్ల కొసలతోనే కలపాలి. ముద్దను కనీసం అరగంట ఫ్రిజ్‌లో ఉంచాక, రెండు బటర్ పేపర్ల మధ్య మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తాలి.

పండు విషయంలో తొందర పనికిరాదు. రసాలు బాగా నీరు వదులుతాయి, వాటిని చీకి తినడమే మేలు. తెలంగాణ మార్కెట్లలో బెనిషాన్ పేరుతో అమ్మే బంగినపల్లి, ఇంకా కాస్త గట్టిగా ఉండగానే కోస్తే ముక్క నిలుస్తుంది. కొల్లాపూర్ వైపు తోటల కాయలూ ఇందుకు బాగుంటాయి. తియ్యదనం ఒక్కటే ఉంటే మొహం మొత్తుతుంది కనుక చెంచాడు నిమ్మరసం తప్పనిసరి. నకిరేకల్ నిమ్మతోటలు దగ్గరే. చలికాలంలో జామ దొరుకుతుంది. గింజలు తీసి, ముక్కల్ని చక్కెరతో కాస్త మగ్గించి వాడాలి. మహబూబ్‌నగర్ వైపు బాలానగర్ సీతాఫలానికి ఎంత పేరున్నా అది ఓవెన్‌కు పనికిరాదు, వేడి తగిలితే గుజ్జు చేదెక్కుతుంది. నల్లగొండ బత్తాయిదీ అదే తీరు. దాని తొక్క పైపొరను తురిమి పిండిలో కలిపితే మాత్రం కమ్మటి వాసన వస్తుంది.

టార్ట్ చెడేది ఎక్కువగా అడుగున. చక్కెర తగలగానే పండు నీరు వదులుతుంది, ఆ నీటికి పిండి నానిపోతుంది. అందుకే ఒత్తిన పిండి మీద ముందు రెండు చెంచాల ఉప్మారవ్వ గానీ వేయించిన పల్లీల పొడి గానీ చల్లి, ఆపైన ముక్కలు పరవాలి. చక్కెర చివర్లో వేయాలి. అంచు రెండంగుళాలు వదిలి మడిచి, పాలు పూసి, మళ్లీ పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, 200 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో కింది అరలో 35 నుంచి 45 నిమిషాలు కాల్చాలి. అంచు తేనెరంగుకు రావడమొక్కటే గుర్తు కాదు, పండు మధ్యలో రసం బుడగలు రావాలి, అడుగు ఎర్రబడాలి. ఓవెన్ లేనివాళ్లు మందపాటి గిన్నెలో ఉప్పు పోసి, స్టాండ్ పెట్టి, మూత వేసి పొయ్యి మీద చేసుకోవచ్చు. సమయం ఎక్కువ పడుతుంది, పైభాగం తెల్లగానే ఉంటుంది, అడుగు మాత్రం బాగా కాలుతుంది.

దించగానే కోస్తే రసం కారిపోతుంది. అరగంట ఆరనిచ్చి కోయాలి, ఆ రోజే తినాలి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి అంచు మెత్తబడుతుంది. అయితే 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు మళ్లీ వేడి చేస్తే చాలావరకు కోలుకుంటుంది.