రాకెట్టులో మిగిలిన ఇంధనము

2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.-సి3 మూడు ఉపగ్రహములను కక్ష్యలో నిలిపినది. పని తీరిన నాలుగవ అంచె మాత్రము అక్కడనే తిరుగుచుండెను. దాని తొట్లలో కొంత ద్రవ ఇంధనము మిగిలియుండెను. డిసెంబరు 19న అది పేలి, 300కు పైగా తునకలైనది.

చిన్న తునకల వలన భయమేమి యని విద్యార్థులు అడుగవచ్చును. భయమంతయు వేగమున నున్నది. సెకనుకు 7.5 కిలోమీటర్ల చొప్పున పోవు తునకకు వరంగల్లు నుండి హైదరాబాదు దూరము 20 సెకనుల ప్రయాణము. ఎదురుగా వచ్చు ఉపగ్రహమును తాకినచో ఆ వేగము ఇంకను హెచ్చును. సెకనుకు 10 కిలోమీటర్లని తీసికొని ఒక్క గ్రాము తునకకు లెక్క కట్టుడు: ద్రవ్యరాశిలో సగమును వేగము యొక్క వర్గముచే గుణించిన 50,000 జౌళ్లు. గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవు టన్ను బరువు కారునకును శక్తి ఇంతే! ఈ లెక్కను నల్లబల్లపై ఒకసారి వేసి చూపినచో పిల్లలు మరువరు.

2002 నాటి సి4 ప్రయోగము మొదలు, మిగిలిన ఇంధనమును వెలికి వదలివేయుచున్నారు. 2024 జనవరి 1న ఎగిరిన సి58 నాలుగవ అంచెను 350 కిలోమీటర్ల ఎత్తునకు దించగా, మార్చి 21న అది వాతావరణమున ప్రవేశించి పసిఫిక్ సముద్రమున పడినది. సి3 తునకలున్న ఎత్తున గాలి మిక్కిలి పలుచన. వానిలో కొన్ని ఇరువది ఏండ్లు గడచిన పిదపను కక్ష్యలోనే తిరుగుచుండెను.