చేపలకు అన్నం పెట్టే గడియారం

సంక్రాంతికి ఊరికి బయలుదేరే ఇంట్లో ఆఖరి అరగంట అంతా హడావిడే. గ్యాసు కట్టేశారా, పాలవాడికి చెప్పారా, పెరటి తలుపు గడియ వేశారా అని ఒకరినొకరు అడుగుతూ పెట్టెలన్నీ గుమ్మం బయటికి చేర్చిన తరువాత, పిల్లలలో ఎవరికో ఒకరికి హఠాత్తుగా గుర్తుకు వస్తుంది: “మరి చేపలో?” గాజుతొట్టిలో నాలుగు బంగారు చేపలు ఏమీ ఎరుగనట్లు తోకలాడిస్తూ తిరుగుతుంటాయి. కుక్కను తెలిసినవారి ఇంట విడిచి వెళ్లవచ్చు. పిల్లి తన తిండి తానే వెతుక్కుంటుంది. నలభై లీటర్ల నీటిని రైలెక్కించడం మాత్రం ఎవరి తరమూ కాదు.

అప్పుడు తాళంచెవితోపాటు మేత డబ్బా కూడా పక్కింటి పిన్నిగారి చేతికి వెళుతుంది. ఆమె దయగల ఇల్లాలు. విస్తరి ముందు కూర్చున్నవారికి “ఇంకొంచెం” అని వడ్డించడమే ఆమె ఎరిగిన ధర్మం. చేపలు అద్దం దగ్గరకు వచ్చి నోళ్లు తెరిచి మూస్తుంటే, పాపం ఆకలి కాబోలునని మరో చిటికెడు వేస్తుంది. వారం గడిచి ఇంటివారు తిరిగి వచ్చేసరికి నీరు బియ్యం కడిగిన కుడితిలా తెల్లబడి ఉంటుంది. చేపలు వెల్లకిలా తేలుతుంటాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేని సందర్భమది.

చేప ఆకలికి చచ్చిపోతుందని మనకు భయం. ఇళ్లలోని తొట్లలో దాని ప్రాణానికి అసలు ముప్పు తిండి. బంగారు చేపకు మనకున్నటువంటి జీర్ణాశయం లేదు. మింగినది నేరుగా పేగులోకి పోతుంది. రోజంతా కొంచెం కొంచెంగా ఏరుకు తినేందుకే ప్రకృతి దానిని మలిచింది. అందుచేత అది ఎప్పుడు చూసినా అడుగుతూనే ఉంటుంది. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లి అమోనియా పుడుతుంది. చేప మొప్పలనుండి వెలువడేదీ అదే. ఈ విషాన్ని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగానూ, ఆ పిమ్మట అంతగా హాని చేయని నైట్రేటుగానూ మారుస్తాయి. అయితే ఈ కనబడని పాకీపనివారి శక్తికి హద్దు ఉంది. ఒక్కసారిగా నాలుగింతల మేత వచ్చి పడితే అవి ఏమి చేయగలవు?

ఒక సంగతి ముందే చెప్పడం న్యాయం. చేప తన శరీరాన్ని వెచ్చగా ఉంచుకోనక్కరలేని జీవి గనుక దానికి కావలసిన తిండి బహు స్వల్పం. ఆరోగ్యంగా ఎదిగిన బంగారు చేప వారంపాటు పస్తుండగలదు. రెండు మూడు రోజుల ప్రయాణానికి యంత్రమూ అక్కరలేదు, పిన్నిగారూ అక్కరలేదు. పసి పిల్లచేపల విషయం వేరు.

మరి చేపకు తన ఆకలి తనకు తెలియదా? తెలుసును. 1961లో పాల్ రోజిన్, జాన్ మేయర్ అనే శాస్త్రజ్ఞులు మీట నొక్కి మేత తెచ్చుకోవడం బంగారు చేపలకు నేర్పారు. మేతలో సారం లేని పదార్థం కలిపి పలచన చేస్తే అవి ఎక్కువసార్లు నొక్కాయి. నీరు చల్లబడితే తక్కువ తిన్నాయి. ట్రౌట్ చేపలను పెంచేచోట ఈ సూత్రంతో పనిచేసే మేత గరాటాలున్నాయి. గరాటా నుండి ఒక సన్నని కడ్డీ నీటిలోకి వేలాడుతుంది. ఆకలిగొన్న చేప దానిని మూతితో తడితే నాలుగు గుళికలు రాలుతాయి.

అంతదూరం పోనక్కరలేదు. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చెరువులలో తవుడు నింపిన ప్లాస్టిక్ సంచులకు అడుగున చిల్లులు పొడిచి, వెదురు గడలకో తాళ్లకో వరుసగా కట్టి నీటిలోకి వేలాడదీస్తారు. బొచ్చెలు, శీలావతులు గుంపుగా వచ్చి చిల్లుల దగ్గర మూతులు పెట్టి పీల్చుకుంటాయి. పీల్చినంతే బయటికి వస్తుంది. ఆంధ్ర రైతు సంచికి చిల్లి పొడిచి సాధించిన ఈ పనికి పెద్ద పేరేదీ పెట్టుకోలేదు.

చెరువుకు సరిపడే ఉపాయం గాజుతొట్టికి నప్పదు. అంత ఇరుకులో చేప తిరిగిన ప్రతిసారీ కడ్డీకి తగులుతుంది. తవుడు సంచి ఒక్క పూటలో నీటిని పాడుచేస్తుంది. ఇంటివాడికి మిగిలిన దారి గడియారమే. ఇళ్లలో మూలపడ్డ గోడ గడియారాలకు కొదవలేదు. మిగిలిన సరంజామాకు హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు, చెన్నైలో రిచీ స్ట్రీటు, బొంబాయిలో చోర్ బజారు ఉండనే ఉన్నాయి. మైక్రోవేవ్ పొయ్యిలో పళ్లెం తిప్పే మోటారు కొందరిని ఆకర్షిస్తుంది. కాని గోడ కరెంటుతో నడిచే దేనినీ నీటిపైన వేలాడదీయరాదు. గడియారానికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఒక్కటి చాలు.

సాధారణంగా అందరికీ తట్టే మొదటి ఆలోచన, చిన్న మాత్రల డబ్బాకు ఒక చిల్లి పొడిచి గంటల ముల్లుకు అంటించడం. చిల్లి కిందికి వచ్చినప్పుడు చిటికెడు మేత రాలుతుందని ఆశ. గంటల ముల్లు గంటకు 30 డిగ్రీలే కదులుతుందన్న సంగతి అప్పుడు గుర్తుకు రాదు. చిల్లి చాలాసేపు కిందికే తిరిగి ఉంటుంది, డబ్బా మొత్తం ఖాళీ అవుతుంది. ఇది పిన్నిగారికంటే ప్రమాదకరమైన యంత్రం.

దీనికి విరుగుడు చేతి గడియారంలోనే ఉంది. తేదీ చూపే గడియారంలో 31 పళ్ల చక్రం ఒకటి ఉంటుంది; రోజుకొకసారి ఒక చిన్న వేలు వంటి మీట వచ్చి దానిని ఒక్క పన్ను ముందుకు తోసిపోతుంది. అదే పని ఇక్కడా చేయించవచ్చు. గోడ గడియారాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, నిమిషాల ముల్లు, సెకన్ల ముల్లు తీసివేసి, గంటల ముల్లుకు చీపురుపుల్ల ముక్క అంటించాలి. పక్కన ఒక అట్టచక్రం. దాని అంచున బండి చక్రపు ఆకుల్లా బయటికి పొడుచుకు వచ్చే 15 అగ్గిపుల్లలు, వాటికి లోపలి వరుసలో స్కెచ్ పెన్ను గొట్టాన్ని కోసిన 15 చిన్న గదులు. గదులకు అడుగు ఉండదు. వాటి కింద కదలని పళ్లెంగా పాత సీడీ, అందులో ఒకేచోట ఒక రంధ్రం. ముల్లు పన్నెండు గంటలకొకసారి వచ్చి ఒక అగ్గిపుల్లను తోస్తుంది. చక్రం 24 డిగ్రీలు తిరిగి, తరువాతి గది రంధ్రం మీదికి వస్తుంది. అందులోని మేత తొట్టిలో పడుతుంది. మొదట రంధ్రం మీదనున్న గది ఖాళీగా ఉంచితే పద్నాలుగు పూటలు, అంటే ఏడు రోజులు. ఒంటిపూట చాలుననుకుంటే గది విడిచి గది నింపవచ్చు.

చెప్పినంత సులువుగా కుదరదు. ముల్లు లోతుగా తాకితే రెండు పళ్లు తోస్తుంది, పైపైన తాకితే చక్రం సగంలో నిలిచిపోతుంది. చక్రం వెనక్కు జారకుండా పాత విజిటింగ్ కార్డు ముక్క ఒకటి అగ్గిపుల్లలకు ఆనించాలి. ఈ సర్దుబాట్లకు రోజుల తరబడి కాచుకోనవసరం లేదు. గడియారం వెనుకనున్న టైము దిద్దే మర తిప్పితే నిమిషంలో పన్నెండు గంటలు గడుస్తాయి. చివరి పరీక్ష మాత్రం అసలు వేగంతోనే జరగాలి. తొట్టికి బదులు తెల్లకాగితం పరచి వారం రోజులు వదిలివేస్తే, పూటపూటకూ ఎంత పడినదీ కళ్లకు కడుతుంది. తొట్టి నుండి లేచే తేమకు మేత గట్టిపడుతుంది గనుక రేకుల మేతకంటే గుళికలు మేలు. రంధ్రం నీటికి నాలుగంగుళాల ఎత్తున ఉండాలి.

ఈ యంత్రానికి తప్పులు లేకపోలేదు. బ్యాటరీ అయిపోవచ్చు; చక్రం బరువై ముల్లు ఆగిపోవచ్చు; గుళిక ఒకటి సీడీకి, అట్టకు మధ్య ఇరుక్కోవచ్చు. ఏది జరిగినా చేపలకు పస్తే తప్ప విందు దొరకదు. ఒక గదిలో ఉన్నంతకు మించి ఒక పూట పడనే పడదు. వారం పస్తును చేప భరిస్తుంది. అందుకని ఈ అట్టముక్కల బొమ్మ, చిల్లి డబ్బాకంటే నమ్మదగినది. సెకనుకు 32,768 సార్లు కంపించే స్ఫటికం ఒకటి దీని గుండెలో ఉండడం నిజమే గాని, చేపలకు అంత లెక్క అక్కరలేదు. ఎనిమిది గంటల మేత ఎనిమిదిన్నరకు పడినా అవి కోప్పడవు.

దీనిని ఏమని పిలవాలో తెలుగులో ఇంకా తేలలేదు. “స్వయంచాలిత మత్స్యాహార ప్రదాయిని” అనడానికి నిఘంటువు ఒప్పుకోవచ్చును గాని, అగ్గిపుల్లలకు అంత బరువు మోపడం ధర్మం కాదు.

ప్రయాణపు రోజున తాళంచెవి ఎలాగూ పిన్నిగారికే. తులసికోటకు నీరు పోయవలసినది ఆమె కదా. మేత డబ్బా మాత్రం బీరువాలో, చీరల అడుగున, తాళం వేసి ఉంచాలి.