డేగమ్మకు దారివ్వండి!

చేతులకు సుద్దపొడి రాసుకుని, నడుముకు తాడు బిగించుకుని నిట్టనిలువు కొండలెక్కే సాహసికులు... ఓ పక్షిని చూసి వెనక్కి తగ్గుతారంటే నమ్ముతారా? ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు వెళ్తే నమ్మాల్సిందే!

అక్కడి మాలమ్ కోవ్ దాదాపు 80 మీటర్ల ఎత్తున్న సున్నపురాయి గోడ. మంచుయుగం చివర్లో కరిగిన నీరు జలపాతమై దూకుతూ చెక్కిన వింత. హ్యారీపోటర్ సినిమాలోనూ కనిపిస్తుంది. రాతిలో బిగించిన బోల్టులకు తాడు తగిలించుకుంటూ ఎగబాకే స్పోర్ట్ క్లైంబింగ్‌కు బ్రిటన్‌లో పేరున్న చోటిది.

అయితే వసంతంలో ఇక్కడ పెరిగ్రిన్ ఫాల్కన్లు... అదే, మన బైరి డేగలు గుడ్లు పెడతాయి. పుల్లలతో గూడు కట్టవు. వట్టి రాతి అంచుమీదే పొదుగుతాయి. మనిషి అలికిడికి తల్లి లేచిపోతే గుడ్లు చల్లబడి పాడైపోవచ్చు. అందుకే అవి ఉన్నవైపు ఎక్కడం ఆపేస్తారు. పిల్లలు ఎగిరిపోయాకే మళ్లీ అటు తాళ్లు కట్టేది.

ఇంత జాగ్రత్తకు కారణం ఉంది. 1950, 60ల్లో డీడీటీ లాంటి పురుగుమందులు తిన్న పిట్టల ద్వారా ఈ డేగల ఒంట్లోకి చేరాయి. గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే పగిలిపోయేవి. ఆ మందులకు అడ్డుకట్ట పడ్డాకే జాతి కోలుకుంది.

గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో వేటమీదికి దూకే డేగమ్మ మననుంచి కోరేది... ఏటా కొన్ని నెలల ప్రశాంతతే మరి!