రాజు బొమ్మ చూచి రంగులు నేర్చుకోవడం

చూచి గీసిన బొమ్మను మనవాళ్ళు చులకన చేస్తుంటారు. ప్రియులారా, మేము అలా అనుకోము.

ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీ నిలువెత్తు రూపాన్ని 1537లో హాన్స్ హోల్బైన్ అనే చిత్రకారుడు లండన్ వైట్‌హాల్ రాజభవనపు గోడ మీద చిత్రించాడు. 1698లో భవనం తగులబడి, గోడతోపాటు బొమ్మ కూడా పోయింది. అయినా దాని రూపం మనకు తెలుసు. 1667లోనే రెండవ చార్లెస్ రాజు కోరిక మీద లీంపుట్ అనే ఆయన దానిని చూచి చిన్న నకలు చేసిపెట్టాడు. హోల్బైన్ కాగితపు నమూనాలో ఒక భాగం కూడా మిగిలింది. అందులో రాజు ముఖం కాస్త ప్రక్కకు తిరిగి ఉంటుంది. నకలులో సూటిగా మనవైపే చూస్తాడు. గోడకు ఎక్కించేటప్పుడు గురువు మనసు మార్చుకున్నాడని నకలు వల్లనే తెలుస్తున్నది!

నేర్చుకోగోరే యౌవనస్థులు అచ్చుబొమ్మ మీద, గుడ్డ మీద సమానంగా గళ్ళు గీసుకోవాలి. సినిమా బోర్డులవారు చేసిన పని అదే. ముందుగా టర్పెంటైన్ కలిపిన పలుచని గోధుమ రంగుతో వెలుగునీడలు వేయాలి. కిటికీలు తెరచి ఉంచండి, ఆ వాసన మంచిది కాదు. అవిసె నూనె పైపూతలలోనే ఎక్కువ ఉండాలి. క్రింద ఎక్కువైతే కొన్నాళ్ళకు బొమ్మ పగులుతుంది. అందరూ ముందు నగల మీద పడతారు. ముఖం, చేతులు కుదరనిదే నగలెందుకు?

వెనుక "హోల్బైన్ బొమ్మకు నకలు" అని వ్రాసి మీ పేరు పెట్టండి. అది దాచి అమ్మితే మోసమే. నూనె రంగు ఆరడానికి రోజులు పడుతుంది గనుక కోళ్ళు తిరిగే వసారాలో మాత్రం పెట్టకండి.