ఆంగ్ల నాటకములలో స్త్రీధనము



మా యిల్లు హైదరాబాదులో తార్నాకయందున్నది. సాయంకాలము చేతికఱ్ఱ పట్టుకొని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు బోయి, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కాలేజీ మెట్లపై కొంతసేపు కూర్చుండుట నా యలవాటు. 1918లో వెలసిన ఆ విద్యాలయమున మొదట బోధనభాష ఉర్దూ. అయినను ఇంగ్లీషు విద్యార్థులకు తప్పనిసరి పాఠ్యముగా నుండెను. మా మనుమరాలు నేడక్కడనే ఇంగ్లీషు సాహిత్యము చదువుచున్నది. ఆమె చదివి యర్థము చెప్పగా నేను విన్న రెండు నాటకములనుగూర్చి ముచ్చటించెదను. పరదేశపు కథలు మనకేల యందురేమో! ఆడపిల్ల సొత్తు ఎవరిదను తగవు రచ్చబండకు రాని యూరు గలదా?

మొదటిది షేక్స్పియరు రచించిన 'వెనిస్ వర్తకుడు'. పోర్షియా యను కన్యకు సిరి మెండు, తండ్రి లేడు. బంగారు, వెండి, సీసపు పెట్టెలు మూడింటిలో ఆమె చిత్రమున్న దానిని ఎన్నుకొనినవాడే వరుడని ఆ తండ్రి మరణశాసనము వ్రాసిపోయెను. శివధనుస్సు నెరిగిన మనకిది వింత గాదు. అయితే జనకుడు బ్రతికియుండి పణము పెట్టెను. ఈ తండ్రి చనిపోయియు కూతును కట్టివేసెను. బసానియో సీసపు పెట్టెను తెఱచి గెలువగా, పోర్షియా తన యింటిని, సేవకులను, తన్నును అతనివిగా జేసి యుంగరమిచ్చును. ప్రేక్షకులకది ప్రేమ, నాకు మాత్రము దస్తావేజువలె తోచినది. ఏలయన, ఆనాటి ఆంగ్లన్యాయమున పెండ్లియైనంతనే భార్య నగలు, నగదు భర్త సొత్తగును. ఆమె భూములపై పెత్తన మాతనిది. ఈ స్థితి 1870, 1882 సంవత్సరముల చట్టములతో గాని మాఱలేదు.

ఇది వినగానే నాకు గర్వము కలిగెను. మన మనువు అగ్నిసాక్షిగా నిచ్చినది, అత్తవారింటికి పోవునపు డిచ్చినది, ప్రీతితో నిచ్చినది, తల్లి, తండ్రి, సోదరు లిచ్చినది అని ఆఱు విధముల స్త్రీధనము నేనాడో చెప్పెను గదా యంటిని. మనుమరాలు పుస్తకము మూసి, "తాతయ్యా, పొలము కొన్నప్పుడు నాయనమ్మ కాసులపేరు అమ్మితివట. ఆమె నడిగితివా?" అనెను. దుర్భిక్షమున, ధర్మకార్యమున, వ్యాధియందు, చెఱయందు తీసికొన్న స్త్రీధనమును భర్త మరల నీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి. అందులో పొలము లేదు. ఆ శ్లోకము నేను నలువది యేండ్లు పాఠము చెప్పితిని.

శ్లోకము చాలదనియే కాబోలు, చట్టములు వచ్చినవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన సొత్తుపై సంపూర్ణాధికార మిచ్చెను. 1986లో ఆంధ్రప్రదేశము, 2005లో దేశమంతయు, పిత్రార్జితమున కూతునకు కొడుకుతో సమానముగా భాగము కల్పించినవి. అయినను "అన్నదమ్ములకు వదలుకొంటిని" అని చెల్లెండ్రచేత వ్రాయించుకొను కాగితములు నేటికిని ఊళ్లలో పుట్టుచున్నవి. సాక్షిసంతకములు మనవే.

రెండవది బెర్నార్డు షా వ్రాసిన 'పిగ్మేలియను', 1914లో లండనునందాడిరి. వీథిలో పూలమ్ము ఎలీజాకు దొరసానుల నుడికారము నేర్పెదనని హిగ్గిన్సు అను పండితుడు పందెము వేయును. ఆమె తండ్రి వచ్చి అయిదు పౌనులు పుచ్చుకొని కూతును వదలిపోవును. 1892లో విజయనగరమున నాడిన గురజాడవారి 'కన్యాశుల్కము' ఎరిగిన మనమా తండ్రిని గుర్తింపలేమా? పందెము గెలిచిన పిమ్మట పండితునకు ఆవులింతలు వచ్చినవి గాని, ఈ పిల్ల యిక నెట్లు బ్రదుకుననెడి తలపు రాలేదు. పూలమ్ముకొని బ్రదికినది ఇప్పుడు పెండ్లి తప్ప వేఱు దారి లేనిదాయెను. బడిపంతులనైన నాకా ఘట్టము ముల్లువలె గ్రుచ్చుకొన్నది.

షా వారిరువురకు పెండ్లి చేయలేదు. హిగ్గిన్సు వేషధారి ట్రీ దొర మాత్రము తెర పడుటకు ముందు ఎలీజావైపు పూలగుత్తి విసరి, పెండ్లి యగునన్నట్లు జనులను మురిపించెను. షాకు కోపము వచ్చి, అచ్చుప్రతికి అనుబంధము వ్రాసెను: ఎలీజా ఫ్రెడ్డీ యను యువకుని పెండ్లాడి, పూలయంగడి పెట్టుకొన్నది.