నాలుగు మంచాల గదిలో ఏకాగ్రత: అపోహలు, వాస్తవాలు

బెంగళూరు హొసూరు రోడ్డు మీద హెబ్బగోడి పీజీల్లో మన తెలుగువాళ్లకు కొదవ లేదు. పగలు బొమ్మసంద్ర ఫ్యాక్టరీలోనో ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులోనో పని, రాత్రి గ్రూప్-2 పుస్తకమో బ్యాంకు పరీక్ష మెటీరియలో. ఒకరు సెకండ్ షిఫ్టు ముగించుకొచ్చి లైటు వేస్తే, పొద్దున్నే డ్యూటీకి పోవాల్సినతను దుప్పటి ముసుగు పెడతాడు. ఇలాంటి గదిలో చదివేవాళ్లకు ఊరి నుంచి ఫోన్లో అందే సలహాలు చాలావరకు పనికిరావు.

అపోహ: తెల్లారి నాలుగింటికి లేస్తేనే చదువు బుర్రకెక్కుతుంది.

ముందు ఎన్నింటికి పడుకున్నారో అడగాలి. రాత్రి ఒంటిగంటకు నడుం వాల్చినవాడు నాలుగింటికి అలారం పెట్టుకుంటే పోయేది నిద్ర ఒక్కటే కాదు. చదివింది జ్ఞాపకంలో కుదురుకునేది ఆ నిద్రలోనే. ఎనిమిదింటికి లేచి చదివినా సరస్వతి అలగదు.

అపోహ: పదిసార్లు తిరగేస్తే అదే వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పదేపదే చూసిన పేజీ తెలిసినట్టే ఉంటుంది, దాన్నే మనం ‘వచ్చేసింది’ అనుకుంటాం. కళ్లు వరుసల మీద నడుస్తాయి, మనసు ఈ నెల కట్టాల్సిన అద్దె దగ్గర ఉంటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు నాలుగు విడతలూ చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతలూ కాగితం పక్కనపెట్టి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: వాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసినవాళ్లకు 61 శాతం.

ఏకాగ్రత కూడా ఇలా గుర్తుచేసుకోవడంలోనే దొరుకుతుంది. రాజ్యాంగం 32వ అధికరణం కింద సుప్రీంకోర్టు జారీ చేసే ఐదు రిట్లు చెప్పమని మిమ్మల్ని మీరే అడగండి. హెబియస్ కార్పస్, మాండమస్, ప్రొహిబిషన్, సెర్షియోరరీ... ఐదోది నాలుక చివర ఆగుతుంది. అది దొరికేదాకా పక్క మంచం మీద మోగే రీల్సు చెవిన పడవు. దీనికి బల్ల, కుర్చీ కూడా అక్కర్లేదు. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైనులో బయోకాన్ హెబ్బగోడి స్టేషన్ దగ్గరెక్కి, రాడ్డు పట్టుకుని నిలబడి కూడా చేసుకోవచ్చు.

అపోహ: ఫోను సైలెంట్‌లో పెడితే చాలు.

ఫోను బల్ల మీద ఉన్నవాళ్లకంటే పక్క గదిలో వదిలొచ్చినవాళ్లు పరీక్షల్లో మెరుగ్గా చేశారని 2017లో టెక్సాస్ పరిశోధకులు చెప్పారు. తర్వాత చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు, కాబట్టి దాన్ని వేదవాక్కు చేయనక్కర్లేదు. కానీ చేతికందే ఫోనును ‘టైమ్ చూద్దాం’ అని తీసి వాట్సాప్‌లో తేలడానికి పరిశోధన చదవాలా? నలుగురున్న చోట పక్క గది ఎక్కడిదంటారు. అల్మరాలో బట్టల కింద పెట్టి తాళం వేయండి.

అపోహ: మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుంది.

ఈ మాట పుట్టింది 1993 నాటి ఒక ప్రయోగం నుంచి. అందులో ఉన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. కాగితం మడతల్లాంటి పజిళ్లలో కాస్త మెరుగుపడ్డారు, అదీ పదిపదిహేను నిమిషాలే. అయినా 1998లో అమెరికాలోని జార్జియా గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం అందించడానికి 1,05,000 డాలర్లు అడిగారు. ఇక మాటలున్న సినిమా పాటలు వింటూ చదివితే పాట మాటలూ పుస్తకం మాటలూ కొట్టుకుంటాయి. పక్కవాళ్ల గోల ఆపడానికి ఫ్యాను చప్పుడే మేలు.

అపోహ: సరిగ్గా 25 నిమిషాలు చదివి ఆపాలి.

ఈ లెక్క ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థిది. 1980ల చివర్లో టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమర్ పెట్టుకుని చదివాడు. కూర్చోవడానికే బద్ధకించే రోజున అది బాగానే పనిచేస్తుంది. డేటా ఇంటర్‌ప్రెటేషన్ లెక్క సగంలో ఉండగా మోగితే మాత్రం దాని నోరు మూయించి లెక్క పూర్తిచేయండి.