సముద్రముపై దీపావళి

దీపమునకు రెండు ప్రయోజనములు కలవు. కన్నులకు వేడుక గూర్చుట యొకటి, దారి చూపుట రెండవది. ఊరిలో నున్నవారికి మొదటిదే ముఖ్యమై రెండవది మఱుగుపడినది. నీటిపై నున్నవారికి రెండవదానిని మఱచుటకు వీలులేదు. అనకాపల్లి జిల్లా రాంబిల్లి తీరమున అమావాస్య రాత్రి లంగరు వేసిన చిన్నపడవలో గూర్చుండి, ఒడ్డున గాల్చు బాణసంచాను జూచినవారికి ఈ సంగతి యెవరును బోధింపకయే తెలియవచ్చును. దీపావళి వేడుకను గూర్చి ఏటేట పెద్దలు వ్రాయుచునే యున్నారు. ఆ వేడుకను సముద్రము వైపునుండి చూచిన నెట్లుండునో నేడు పాఠకుల యెదుట బెట్టదలచితిమి.

శారదానది తూర్పుకనుమలలో బుట్టి, అనకాపల్లి ప్రాంతపు చెఱకుతోటలను దడిపి, రాంబిల్లి ప్రాంతమున కడలి జేరుచున్నది. ఎగువ పల్లెలది బెల్లపు వ్యాపారము, దిగువ పల్లెలది చేపలవేట. ఇరువదియొకటవ శతాబ్దిలో ఈ తీరముననే తూర్పు నౌకాదళమునకు క్రొత్త స్థావరము నిర్మింప మొదలిడిరి. వేటకు బోవు తెప్పయు, దేశరక్షణకు బోవు ఓడయు ఒకే నీటిని బంచుకొనవలసిన చోటిది. ఇట్టిచోట రాత్రివేళ వెలుగు ఒక భాష. ఆ భాష నెఱుగనివాడు పడవ యెక్కుట, అక్షరము రానివాడు దస్తావేజుపై వ్రేలిముద్ర వేయుట వంటిది.

నీటినుండి చూచిన బాణసంచా నేలనుండి చూచినట్లుండదు. ఊరిలో తారాజువ్వ లేచుటయు, ప్రేలుటయు ఏకకాలమున జరిగినట్లు తోచును. శబ్దము సెకండునకు సుమారు 340 మీటర్లు మాత్రమే నడచును గనుక, కిలోమీటరు దూరమున నిలిచిన పడవకు వెలుగు చేరిన మూడు సెకండ్లకు గాని చప్పుడు వినరాదు. పూవు విచ్చి, రేకులు రాలి, చీకటి మరల గమ్మిన పిదప దాని మ్రోత మెల్లగా వచ్చును. అమావాస్య గనుక చంద్రుడు లేడు. ఆకసమున నొక చిచ్చు, అలలపై దాని నీడ మఱియొక చిచ్చు. మతాబాల తెలుపు, చిచ్చుబుడ్ల పసుపు నీటిలో సాగి సాగి పడవ యంచువఱకు వచ్చుచున్నట్లుండును. వీధిలో చెవులు బ్రద్దలుచేయు టపాకాయలు ఇచ్చట పేలాలు వేగినట్లు వినవచ్చును. దూరము బాణసంచాకు మర్యాద నేర్పునని మాకు దోచినది.

అయినను ఈ చూపునకు కొన్ని నియమములు గలవు. అమావాస్యకు ఆటుపోట్ల తేడా హెచ్చు. లంగరుత్రాటిని నీటిలోతునకు ఐదు మొదలు ఏడు రెట్ల పొడుగు విడువనిచో, పోటు లేచినపుడు లంగరు పట్టుదప్పును. రాత్రి నేల నీటికంటె ముందుగా చల్లబడును గనుక, గాలి తఱచుగా ఒడ్డునుండి కడలివైపు వీచును. ఒడ్డున గాల్చిన రవ్వలు, పొగ ఆ త్రోవనే వచ్చును. కావున కాల్చుచోటికి ఎదురుగా గాక ప్రక్కగా పడవను నిలుపుకొనవలెను. మోటారు పడవలో నూనెడబ్బా యుండును, వలలు ఎండి యుండును. అట్టిదానిలో కాకరపువ్వొత్తియైనను వెలిగించుట తగదు.

నీటిపై దీపోత్సవము మనకు క్రొత్త గాదు. బెజవాడలో దసరా ముగింపున కృష్ణపైనను, భద్రాచలమున ముక్కోటి ముందునాడు గోదావరిపైనను హంసవాహనముగా నలంకరించిన తెప్పలో దేవతామూర్తుల విహరింపజేసి బాణసంచా కాల్చుట ఆచారము. అనగా మనవారి భావనలో పడవనుండి బాణసంచాను దిలకించు మొదటి ప్రేక్షకుడు దేవుడే. 1443లో విజయనగరమును జూచిన పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ అచటి మహానవమి ఉత్సవమున బాణసంచా వేడుకను బేర్కొనెను. పదునాఱవ శతాబ్ది తొలిభాగమున కళింగము నేలిన ప్రతాపరుద్ర గజపతి పేర వెలసిన కౌతుకచింతామణి యను సంస్కృత గ్రంథమున బాణసంచా కూర్చు విధానములు గలవు. అంతకు బూర్వమునుండియు, దీపావళి అమావాస్యనాడు పితృదేవతలకు దారి కనబడుటకై ఉల్కలు చూపుట శాస్త్రవిహితము. మన పల్లెలలో పిల్లలు గోగుపుల్లలకు నూనెవత్తులు గట్టి దివిటీలు త్రిప్పుట దాని శేషమే. ఈ పండుగ మూలార్థము దారి చూపుటయే గాని చెవులు చిల్లులు చేయుట గాదు.

సముద్రము ఈ మూలార్థమును నేటికిని విడువలేదు. 1972లో కుదిరి 1977లో అమలులోనికి వచ్చిన అంతర్జాతీయ నౌకానిబంధనల ప్రకారము, ఎఱ్ఱ చుక్కలు రాల్చు తారాజువ్వలను కొద్ది కొద్ది వ్యవధిలో ఒక్కొక్కటిగా విడుచుట ఆపదకు గుర్తు. చేత బట్టిన ఎఱ్ఱ మతాబా ఆపదకు గుర్తు. సుమారు నిమిషమున కొకటిగా ప్రేలుడు చప్పుడు చేయుటయు ఆపదకు గుర్తే. పడవపై మంట లేపుటయు నట్టిదే. ఆపద లేనిదే ఈ గుర్తులను వాడగూడదని ఆ నిబంధనలే శాసించుచున్నవి. ఇపుడు పాఠకులే యోజింతురుగాక. ఎఱుపు నిచ్చు స్ట్రాన్షియము లవణము వీధిలో వేడుక. అదియే నడికడలిలో "మునిగిపోవుచున్నాము, రక్షింపుడు" అను కేక. పండుగపూట పడవలోనుండి సరదాకు ఎఱ్ఱజువ్వ విడిచినవాడు, తెలియక అబద్ధపు కేక వేసినవాడగును.

అంతకంటె బరువైన సంగతి మఱియొకటి గలదు. తీరమంతయు ఎఱ్ఱని, పచ్చని జువ్వలతో నిండియున్న గంటలో, దూరమున యంత్రము చెడిన యొక పడవ నిజముగానే ఎఱ్ఱజువ్వ విడిచినచో దాని నెవరు గుర్తింతురు? ఒడ్డున జూచిన ప్రతివాడును అదియు పండుగలోనిదే యనుకొనును. కావున పండుగరాత్రి వేటకు బోవకుండుట మేలు. పోవలసి వచ్చినచో ఎవరు పోయిరో, ఎప్పుడు రావలెనో ఒడ్డున నొకరికి జెప్పి పోవలెను. సమయమునకు పడవ రానిచో ఇంటివారు తెల్లవాఱువఱకు వేచియుండక, తీరరక్షకదళము వారి 1554 సంఖ్యకు ఫోను చేయవలెను. లంగరు వేసిన పడవ చుట్టును గనబడు నొక తెల్లదీపమును రాత్రియంతయు వెలిగించి యుంచవలెను. ఆ యొక్క దీపము నూఱు జువ్వల పెట్టు.

వేడుకను అదుపులో బెట్టుకొనుట మనవారికి చేతగానిపని గాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడెను. పదునొకండు దినములలో దీపావళి వచ్చెను. కూలిన చెట్లు వీధులలో కుప్పలుగా ఎండుచుండగా, నిప్పురవ్వ పడిన నగరమే అంటుకొనునని అధికారులు టపాకాయలు మానుడని ప్రజలను గోరిరి. ఆ యేడు దీపములే పండుగ. దానివలన దీపావళికి లోపము గలిగెనని యెవరును అనలేదు.

వెలుగును జూచునపుడు దానిని చేసిన చేతులను గూడ స్మరింపవలసి యున్నది. 2025 ఏప్రిల్ 13న ఈ అనకాపల్లి జిల్లాలోనే, కోటవురట్ల మండలము కైలాసపట్నమున, బాణసంచా తయారుచేయు చోట ప్రేలుడు సంభవించి ఎనమండుగురు శ్రామికులు మరణించిరి. ఆ యేడే అక్టోబరు 8న కోనసీమ జిల్లా రాయవరము మండలమున అట్టిదే మఱియొకటి జరిగెను. గంధకమును క్లోరేటుతో గలిపిన మిశ్రమము కొద్ది రాపిడికే అంటుకొనును గనుక దానిని ప్రభుత్వము 1992లోనే నిషేధించినది. మందును కొద్ది కొద్దిగా, విడివిడి కొట్టములలో, తక్కువమందిచే చేయింపవలెనని నియమములు గలవు. నియమములు లేక గాదు ప్రాణములు పోవుట. పండుగముందు గిరాకి హెచ్చినపుడు ఒక కొట్టములో నిద్దఱుండవలసినచోట పదిమంది కూర్చుండుట వలన ఇట్టి ముప్పు మితిమీరును. గిరాకి యెవరిది? మనదే. చవుకసరకు కావలెనన్న మన బేరమునకు మూల్యమును దినకూలి చెల్లించుచున్నాడు.

కావున పలుకుబడి గల భూస్వాములకును, పురజనులకును మా మనవి యిది. గ్రామమునకంతకు నొకచోట, సరియైన అనుమతి గల అంగడినుండి తెచ్చిన సరకుతో, ఉమ్మడిగా బాణసంచా కాల్పింపుడు. 2018 అక్టోబరు 23న సుప్రీముకోర్టు దీపావళికి రాత్రి 8 మొదలు 10 గంటలవఱకు మాత్రమే కాల్చవలెనని తీర్పు చెప్పినది. ఈ రెండుగంటలును ముందుగా దెలిసియుండుట జాలరులకు గూడ మేలే. పది దాటిన పిదప ఎఱ్ఱజువ్వ కనబడిన, అది వేడుక గాదని తీరమంతయు దెలిసికొనగలదు. ఊరికొక కాపరిని ఆ రాత్రి సముద్రమువైపు మొగముంచి కూర్చుండబెట్టుటకు ఖర్చు స్వల్పము. అందఱును ఆకసము చూచుచుండగా నీటిని జూచు వాడొక్కడైన నుండవలెను.

పితరులకు దారి చూపుటకై యెత్తిన దివిటీ, బ్రదికియున్నవారి దారిని మఱుగుపఱుపరాదు. ఈ యొక్క నియమమును పాటించిన తీరమున, ఒడ్డున నున్నవారికిని నీటిపై నున్నవారికిని దీపావళి ఒక్కటే యగును.